ముద్రా, స్వనిధి రుణాల గురించి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. మిర్చి బండి, టైలరింగ్, ఇస్త్రీ వంటి పనులు సొంతంగా పెట్టుకోవాలనుకుంటున్నవారు రుణాల గురించి తరచూ అడుగుతున్నందున ఈ వివరాలు పెడుతున్నాను. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకంలో, శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు బ్యాంకులు తాకట్టు లేకుండా ఇస్తాయి. అయితే ఇది ఉచితంగా వచ్చే డబ్బు కాదు, వడ్డీతో సహా తీర్చవలసిన అప్పు; ఎన్నికల తరువాత మాఫీ అవుతుందనే మాటలు దయచేసి నమ్మవద్దు.

తోపుడు బండ్లవారికి మాత్రం పీఎం స్వనిధి, అంటే వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన రుణ పథకం, మేలని నా అభిప్రాయం. 2020లో 10,000 రూపాయలుగా ఉన్న తొలి విడతను 2025లో 15,000కు పెంచారు. అది తీర్చినవారికి 25,000, ఆపైన 50,000 ఇస్తారు. సకాలంలో వాయిదాలు కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలోనే పడుతుంది. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో సరుకు ఎత్తడానికి పొద్దున 900 తీసుకొని రాత్రికి 1,000 కట్టే గిరిగిరి అప్పుతో పోల్చి చూస్తే, ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

స్వనిధికి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్‌తో పాటు జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు గానీ, సిఫారసు లేఖ గానీ ఉండాలి. రుణం ఇప్పిస్తామని కమీషన్ అడిగేవారికి (మన గల్లీల్లో వీరికి కొదవ లేదు) పైసా ఇవ్వవద్దు. నేరుగా మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖలోనే అడగండి.