డ్రాగన్ పండు తోటలో పువ్వు సంగతి

సంపాదకులకు నమస్కారం.

మీ వ్యవసాయ పేజీలో డ్రాగన్ పండు సాగు గురించి తరచుగా వార్తలు వస్తున్నాయి. దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా ఒకప్పుడు బత్తాయి, పత్తి ఉన్న చేలల్లో సిమెంటు స్తంభాల వరుసలు లేస్తున్న మాట వాస్తవమే. ఆ వార్తల్లో స్తంభం ఖర్చు, మొక్క ధర, మార్కెట్టు రేటు అన్నీ ఉంటున్నాయి గాని, కాయ నిలవడానికి మూలమైన పువ్వు ఊసే ఉండడం లేదు. కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి విరమించినవాడిని కనుక ఆ లోటు నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

డ్రాగన్ పండు జెముడు కుటుంబానికి చెందిన ఎగబాకే తీగ. దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లనూ బండలనూ కరచుకుని పైకి పోతుంది. అందుకు కాండం పక్కల నుంచి వేళ్లు పుడతాయి. మూడు అంచుల పచ్చని కాండమే ఆకు చేయవలసిన పనంతా చేస్తుంది. మొక్క తన పత్రరంధ్రాలను, అంటే గాలి పీల్చే సన్నని రంధ్రాలను, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపంలో దాచుకుని, పగలు వాటిని మూసుకుని ఎండ వెలుగులో ఆహారం తయారు చేసుకుంటుంది కాబట్టే నీటి ఖర్చు తక్కువ. అంతమాత్రాన ఇది ఎడారి మొక్క కాదు. చెట్ల నీడలో పెరిగే స్వభావం గల తీగ కనుక మన మే నెల ఎండకు కాండం పసుపుబారి మాడుతుంది, వేసవిలో కొంత నీడ కావాలి.

పువ్వు దగ్గరికి వస్తే, మన గట్ల మీది నాగజెముడు పగలు పూస్తుంది, ఇది మాత్రం రాత్రి పూస్తుంది. మన ప్రాంతంలో పగలు ఎక్కువగా ఉండే నెలల్లో, వేసవి చివరి నుంచి వానకాలమంతా, విడతలు విడతలుగా మొగ్గ వేస్తుంది. జానెడు దాటిన పొడవుతో, తెల్లని రేకులతో, పుప్పొడి ఉండే వందలాది కేసరాలతో చీకటి పడ్డాక విచ్చుకునే ఆ పువ్వు తెల్లవారి ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. మబ్బు పట్టిన రోజున మరికాసేపు నిలుస్తుంది. మళ్లీ విచ్చుకోదు. పుట్టిన చోట దానికి తేనె తాగే గబ్బిలాలు, పొడవాటి తొండం గల రాత్రి రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. మన దగ్గర ఆ పని చాలావరకు తెల్లవారుజామున వచ్చే తేనెటీగల మీదనే పడుతుంది. కొండ తేనెటీగలు వెన్నెల రాత్రుల్లో కూడా మేతకు తిరుగుతాయన్నది కొంత ఊరట.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చాలా రకాల్లో కీలాగ్రం, అంటే పువ్వు నడుమ పుప్పొడిని అందుకునే కొన, కేసరాల కంటే పైకి పొడుచుకుని ఉంటుంది గనుక పుప్పొడి దానంతట అది అందదు. తెల్ల గుజ్జు రకాలు ఎక్కువగా సొంత పుప్పొడితో కాయగలవు. ఎర్ర గుజ్జు రకాల్లో అనేకం మాత్రం తమ పుప్పొడిని తామే అంగీకరించవు, వేరే రకం పుప్పొడి పడితే తప్ప పిందె నిలవదు. ధర బాగుందని తోటంతా ఒకే ఎర్ర రకం నాటిన రైతు, పూత విరగబూసి రాలిపోతుంటే ఎరువు లోపమని మందుల దుకాణానికి పరుగెత్తుతున్నాడు. పడిన పుప్పొడిని బట్టి గింజలు, గింజలను బట్టి పండు బరువు పెరుగుతాయి. తినేటప్పుడు పంటికింద పడే ఆ నల్ల గింజల లెక్క తూకంలో తేలుతుందన్నమాట.

మందు కంటే చౌకైన ఉపాయం ఉంది. వరుసల మధ్య రెండో రకాన్ని కలిపి నాటాలి. పూత వచ్చిన రాత్రి ఒక రకం పువ్వుల పుప్పొడిని గిన్నెలోకి దులిపి, మెత్తని కుంచెతో మరో రకం కీలాగ్రానికి పూయాలి. పువ్వు వాడేలోగా, తెల్లవారుజాము వరకు ఈ పని చేయవచ్చు. ఆ తర్వాత నెల దాటేసరికి కాయ కోతకు వస్తుంది. పూత ఉన్న రోజుల్లో తెల్లవారుజామున పురుగుమందు చల్లడం మానాలి, లేకుంటే వచ్చే తేనెటీగలు కూడా పోతాయి.

2017లో శాస్త్రజ్ఞులు ఈ తీగ పాత ప్రజాతి (దగ్గరి జాతులను కలిపిన వర్గం) హైలోసీరియస్‌ను సెలెనిసీరియస్‌లో కలిపేశారు, నర్సరీ చీటీల మీద ఇప్పటికీ పాత పేరే కనిపిస్తుంది. దానివల్ల రైతుకు నష్టం లేదు. కాని తాను కొంటున్న రకం సొంత పుప్పొడితో కాస్తుందా, తోడు రకం కావాలా అన్నది ఆ చీటీ మీద రాయకపోతే మాత్రం నష్టమే. ఉద్యాన శాఖ ఈ ఒక్క వివరాన్ని నర్సరీలకు తప్పనిసరి చేయాలని, మీ పత్రిక ఏటా తొలి పూతకు ముందే రాత్రి పుప్పొడి పూసే పద్ధతిని బొమ్మలతో సహా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా