క్యాంపర్ వ్యాన్ సోలార్ వైరింగ్ పూర్తిగా మార్చి ఇవ్వడం గురించి

విజయవాడ

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా వ్యాన్‌లో మీరు చేసిన సోలార్ వైరింగ్ ప్రమాదకరంగా ఉంది. మొత్తం తీసేసి మళ్లీ వేయాలని కోరడం.

అయ్యా,

మా వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చే పని మీ వర్క్‌షాపుకు అప్పగించాం. చెక్కపని, వంటగట్టు, మంచాలు బాగా చేశారు, వాటితో నాకు పేచీ లేదు. ఫిర్యాదంతా సోలార్ గురించే. పైకప్పు మీద 165 వాట్ల ప్యానెళ్లు రెండు, అలమారలో 30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చి పంపే పెట్టె), వెనక సీటు కింద 12 ఓల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ. సామానంతా మంచిదే. వాటిని కలిపిన తీరు చూస్తేనే భయం వేస్తోంది.

అరకులో ఉండగా, ఎండ నడినెత్తికి వచ్చేసరికి చార్జింగ్ ఆగిపోయింది. చూస్తే కంట్రోలర్ పక్కనున్న 20 ఆంపియర్ల ఫ్యూజు పోయింది. మీ టెక్నీషియన్‌కు ఫోన్ చేస్తే "40 వేసెయ్యండి మేడమ్, మళ్లీ పోదు" అన్నారు. పోదు, నిజమే. 330 వాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో బ్యాటరీ వైపు దాదాపు 25 ఆంపియర్లు పంపుతాయి. 20 ఫ్యూజు దానికి నిలవదని కాగితం మీద లెక్క వేసినా తెలిసేది. అయితే ఫ్యూజు పెట్టేది వైరును కాపాడడానికి. వైరు ఓర్చుకోలేనంత పెద్ద ఫ్యూజు పెడితే ముందు కాలేది వైరే. అందుకే 40 వేయలేదు. ఊరికి వచ్చాక తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చెక్క కవర్లు విప్పించాను.

కంట్రోలర్ నుంచి బ్యాటరీకి 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తామని మీ కొటేషన్‌లో ఉంది. లోపల ఉన్నది 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు. గాలాడని చెక్క గొట్టంలో వేడికి తొడుగు మెత్తబడి వైర్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇంకా ఘోరం, ఆ వైరుకున్న ఒకే ఒక్క ఫ్యూజును కంట్రోలర్ చివర పెట్టారు. ఆ వైరుకు షార్ట్ అయితే కరెంటు కుమ్మరించేది బ్యాటరీ. లిథియం బ్యాటరీ క్షణంలో వందల ఆంపియర్లు వదులుతుంది. ఫ్యూజు ఉండాల్సింది బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు దూరం లోపల. ఇప్పుడున్న చోట అది ఉన్నా లేనట్టే. పైగా అదే వైరు బాడీ రేకుకు చేసిన రంధ్రంలోంచి, రబ్బరు బుష్ కూడా లేకుండా వెళ్తోంది. బండి కుదుపులకు రేకు అంచు తొడుగును సగం కోసేసింది. ఆ పక్క అరలోనే గ్యాస్ సిలిండర్ ఉంటుంది. ఆ పైన పడుకునేది మేము.

పైకప్పు మీద కూడా అదే ఇంటి వైరు. సోలార్ కేబుల్‌కు రెండు పొరల తొడుగు, ఎండను తట్టుకునే గుణం ఉంటాయి. ఈ పీవీసీ వైరు ఇప్పటికే బీటలు వారుతోంది. నీళ్లు చొరకుండా సోలార్ కేబుళ్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ ఉండాల్సిన ఒక చోట వైర్లు మెలితిప్పి టేపు చుట్టారు. వాన నీళ్లు దిగే చోటే ఆ అతుకు.

ప్యానెళ్లకూ కంట్రోలర్‌కూ మధ్య పెట్టిన ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఇళ్లలో వాడే ఏసీ కరెంటుది. దాని మీద ఏసీకి వేసే తరంగం గుర్తు, 240/415 ఓల్టులు అని స్పష్టంగా ఉన్నాయి. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, ఆ క్షణంలో కాంటాక్టుల మధ్య మంట ఆరిపోతుంది. ప్యానెళ్లు, బ్యాటరీ ఇచ్చే డీసీకి ఆ సున్నా లేదు. సిరీస్‌లో ఉన్న ఈ రెండు ప్యానెళ్లు దాదాపు 45 ఓల్టులు ఇస్తాయి. అవసరానికి ఆ స్విచ్ దించితే లోపల మంట నిలిచి అదే అంటుకోవచ్చు. ఎండలో ప్యానెళ్ల కరెంటును వెంటనే ఆపే స్విచ్ అదొక్కటే కనుక డీసీ కోసం చేసిన బ్రేకరే ఉండాలి.

ఇవన్నీ ఫోటోలతో సహా మీకు మెయిల్ చేశాను. కొత్త కంట్రోలర్ ఉచితంగా ఇస్తామని జవాబు వచ్చింది. కంట్రోలర్‌కు ఏ జబ్బూ లేదు, నేను అడగనూ లేదు. ఆ మర్నాడే, మీ సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారంటూ మెసేజ్ వచ్చింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది.

నాకు కావలసింది ఇది. కొటేషన్‌లో రాసిన సైజు కేబుళ్లతో వైరింగ్ మొత్తం మళ్లీ వేయాలి. బ్యాటరీ దగ్గర వైరుకు తగ్గ ఫ్యూజు, డీసీ బ్రేకర్, రేకు దాటే ప్రతిచోటా వైరు కోసుకుపోకుండా గ్లాండ్ లేదా బుష్ ఉండాలి. వైరు చివర తొడిగే లగ్గులను దానికున్న పనిముట్టుతో నొక్కి బిగించాలి (క్రింప్ చేయాలి), సుత్తితో కాదు. ఏ వైరు ఏ సైజు, ఏ ఫ్యూజు ఎక్కడ ఉందో చూపే వైరింగ్ బొమ్మ సంతకంతో ఇవ్వాలి. బండిని మీ వర్క్‌షాపుకు తెచ్చి, తిరిగి చేర్చే ఖర్చు మీదే. ఈ పని చేతకాదంటే ఎలక్ట్రికల్ పనికి బిల్లులో వేసిన సొమ్ము వాపసు ఇవ్వండి, వేరే చోట చేయించుకుంటాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవా లోపమని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. తీసిన వైరు ముక్కలు, ఆ ఎంసీబీ నా దగ్గరే ఉన్నాయి.

జతపరచినవి: కొటేషన్, బిల్లు నకళ్లు, ఫోటోలు, ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన కాగితం.

ఇట్లు,
మీ కస్టమర్
(పేరు, బిల్లు నంబరు నకలు మీద ఉన్నాయి)