జ్ఞానదంతం తీశాక మీరిస్తున్న జాగ్రత్తల కాగితంపై ఫిర్యాదు

హైదరాబాద్

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నగరంలోని మీ డెంటల్ క్లినిక్‌లలో జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకు ఒక తెలుగు కాగితం చేతికిచ్చి పంపుతున్నారు. అందులోని కొన్ని సూచనలు పేషెంటుకు నేరుగా హాని చేసేవి. దాన్ని ఇవాళే ఆపించండి.

అన్నిటికన్నా పెద్ద తప్పు మొదటి వాక్యంలోనే ఉంది: ఇంటికి చేరగానే ఉప్పునీళ్లతో బాగా పుక్కిలించమన్నారు. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తమే కింది ఎముకకూ నరాల కొసలకూ రక్షణ. మొదటి రోజు ఆ గడ్డకు ఇంకా పట్టు ఉండదు. గట్టిగా పుక్కిలించినా, ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా ఊడివస్తుంది. ఎముక బయటపడి డ్రై సాకెట్ అవుతుంది. మామూలుగా రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి అప్పుడు రెండు మూడు రోజులకు ఎక్కువై చెవి దాకా లాగుతుంది, నోరు వాసన వేస్తుంది. యాంటీబయాటిక్ వేసుకున్నంత మాత్రాన ఇది తగ్గదు. గుంటను సెలైన్‌తో కడిగి మందు డ్రెస్సింగ్ పెట్టాలి. కింది దవడ జ్ఞానదంతాలకు ఈ బెడద మరీ ఎక్కువ.

కాబట్టి 24 గంటల దాకా పుక్కిలింతే వద్దని రాయాలి. తర్వాత గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, నోట్లో పోసుకుని తల మెల్లగా అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా సింకులోకి జారవిడవమనాలి. సిగరెట్, గుట్కా ఊసే మీ కాగితంలో లేదు. కనీసం 72 గంటలు ముట్టవద్దని పెద్ద అక్షరాల్లో ఉండాల్సిన మాట అది.

వాపుకు మొదటి రోజే వేడి కాపడం పెట్టమనడం ఇంకో పొరపాటు. వేడికి రక్తనాళాలు వెడల్పై వాపూ, రక్తం కారడమూ పెరుగుతాయి. తొలి రోజు గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్ బుగ్గమీద 20 నిమిషాలు ఉంచి, 20 నిమిషాలు తీసెయ్యాలి. దవడ బిగుసుకుంటే కాపడం 48 గంటల తర్వాతే. వాపు రెండో, మూడో రోజున ఎక్కువగా ఉంటుందని ముందే చెబితే జనం కంగారుపడరు.

మాత్రల సంగతి మరీ ఆందోళనకరం. అసెక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్ర రాసిచ్చి, నొప్పి తగ్గకపోతే మెడికల్ షాపులో ఏ నొప్పి మాత్రైనా కొనుక్కోమన్నారు. షాపువాళ్లు ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిసిన మాత్ర ఇస్తే అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అనే ఒకే తరగతి మందులు రెండూ పడి కడుపుకీ కిడ్నీలకీ ముప్పు, పారాసెటమాల్ కూడా రెట్టింపు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదన్న మాట ఎక్కడా లేదు. అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నాయా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా అని అడిగే వరుస కూడా లేదు.

రక్తం గురించి ఒక్క ముక్క. మత్తు ఇంజెక్షన్‌లో కలిపే, రక్తనాళాలను బిగించే అడ్రినలిన్ ప్రభావం తగ్గాక, అంటే సాయంత్రానికో రాత్రికో, మళ్లీ కారవచ్చు. తడిపిన గాజ్ మడిచి గుంటమీద పెట్టి, మధ్యమధ్య తీసి చూడకుండా 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టాలి. అప్పటికీ ఆగకపోతే ఫోన్ చెయ్యాలి. మీరు అచ్చేసిన నంబరు మాత్రం రాత్రి 8 దాటితే ఎవరూ ఎత్తరు.

జ్వరం, మింగలేకపోవడం, దవడ కింద వాపు, ఊపిరి ఆడకపోవడం ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలన్న హెచ్చరిక కావాలి. మర్నాటికీ కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటే నరం సంగతి చూడాలి కనుక డాక్టరుకు చెప్పమనీ రాయాలి. తినడానికి చల్లార్చిన రాగి జావ, మెత్తటి పెరుగన్నం లాంటివి పేరుపెట్టి చెప్పండి. "ద్రవాహారం" అంటే వేడి చాయ్ తాగేవాళ్లున్నారు.

పాత కాగితాలన్నీ వెనక్కి తెప్పించి, ఓరల్ సర్జన్ సరిచూసిన కొత్తది తెలుగులోనూ ఉర్దూలోనూ ఇవ్వండి. గత వారం పన్ను తీయించుకున్నవాళ్లకు ఫోన్ చేసి సరైన జాగ్రత్తలు చెప్పించండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే మీ కాగితం నకలుతో తెలంగాణ రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తాం.

ఇట్లు,
నగరంలో నోటి శస్త్రచికిత్సలు చేసే డాక్టర్లం