కీమో వార్డుకి నడిపించే మనిషి కావాలి: ఒడిశా ఆరోగ్య మంత్రిగారికి పర్లాకిమిడి నుంచి ఒక ఉత్తరం

గౌరవనీయులైన ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను పర్లాకిమిడిలో పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాను. 31 ఏళ్లు సైకిల్ మీద ఉత్తరాలు, మనియార్డర్లు పంచాను. 2024 సెప్టెంబరులో పెద్దపేగు క్యాన్సర్‌కి విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. మూడో స్టేజి అన్నారు. ఆ తర్వాత ఆరు నెలలు కీమో. మందుల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. కీమో నడుస్తున్నన్నాళ్లూ రోగి ఎంత కదలాలి, ఎలా కదలాలి అని చెప్పే మనిషే లేడు. అందుకే ఈ ఉత్తరం.

ఒడియా రాక తెలుగులో రాయడం లేదు. మీకు ఒడియా ప్రతి విడిగా పంపుతున్నాను. గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో ఈ జబ్బుతో ఉన్నవాళ్లు కూడా చదువుతారని ఇలా బయట పెడుతున్నాను.

నాకిచ్చిన కీమో మూడు వారాలకొక సైకిల్. (ఆ మాట విని మా ఆవిడ కంగారుపడింది, ఈ ఒంటితో ఈయన మళ్లీ సైకిలెక్కడమేమిటని.) మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ నరానికి ఎక్కిస్తారు. పద్నాలుగు రోజులు కేపసిటబిన్ మాత్రలు, ఆపైన వారం విరామం. అలాంటివి ఎనిమిది. మొదటిసారి ఇంటికి పంపేటప్పుడు "ఫుల్ రెస్ట్" అన్నారు. ఎక్కడ, ఎవరన్నారు అనేది అనవసరం, చాలా చోట్ల అదే అంటారు. ఆ ఒక్క ముక్క మా ఇంట్లో శాసనమైపోయింది. మంచం దిగితే చాలు, "ఏటి, ఎక్కడికి? పడుకోండి" అనేది మా ఆవిడ. పలకరించడానికొచ్చిన చుట్టాలూ అదే పాట. మూడో సైకిల్ నాటికి బాత్రూముకి వెళ్లొస్తే ఆయాసం. మా వీధరుగు మెట్లు నాలుగే, వాటికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

నీరసమంతా మందు వల్లే అనుకున్నాం. కొంత మందు వల్లే, నిజమే. మిగతాది పడుకోవడం వల్ల. మంచం మీదున్నవాడికి తొడల్లో కండ తగ్గిపోతుంది. కండ తగ్గితే చిన్న పనికే అలుపు. అలుపొచ్చిందని మళ్లీ పడక. ఇది నాకు నాలుగో సైకిల్‌లో ఒక నర్సు చెప్పింది, శ్రీకాకుళం వైపు అమ్మాయి. సెలైన్ బాటిల్ మారుస్తూ, "బాబాయ్, నడుస్తున్నావా?" అనడిగింది. లేదన్నాను. "పూటకి పది నిమిషాలు మొదలెట్టు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం రాకూడదు. అంత స్పీడు చాలు" అంది. ఆమె డ్యూటీలో అది లేదు. పక్క మంచానికి వేరే నర్సు వచ్చింది కాబట్టి ఆ మంచం మీదాయనకి ఆ మాట అందలేదు.

నడిచాను. కానీ అరకొర సలహాతో నడిస్తే ఏమవుతుందో అదీ చెప్పాలి. డిసెంబరులో మహేంద్రతనయ నది ఒడ్డున తెల్లవారుజామున బయల్దేరాను, పాత అలవాటు కొద్దీ. పది అడుగులకే గొంతు పట్టేసి ఊపిరి ఆగినట్టయింది. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక కొన్ని రోజులు చల్లగాలి, చన్నీళ్లు, చల్లటి ఇనుప గేటు కూడా పడవని, అది నరాల మీద ఆ మందు ప్రభావమని తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో ఎండెక్కాక నడవాలి, లేదా ఇంట్లోనే. ఇంకో వారం అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడింది. అది మాత్రల వల్ల. అప్పుడు నడక తగ్గించి, కుర్చీలోంచి లేవడం కూర్చోవడం, నీళ్ల సీసాలతో చేతులకి పని, ఇలా చేసుకోవచ్చట. జ్వరమొచ్చిన రోజు, రక్తం బాగా తగ్గిన రోజు చెయ్యకూడదు. ఛాతీలో నొప్పొస్తే అక్కడే ఆగి ఆసుపత్రికి చెప్పాలి, ఎందుకంటే ఈ మాత్రలు కొందరికి గుండె రక్తనాళాలను బిగబట్టేస్తాయి. ఇవన్నీ దెబ్బ తిన్నాక ఒక్కొక్కటిగా తెలిసినవి. ఏడో సైకిల్‌కి గుణుపూరు నుంచి వచ్చే రైలు ఎవరి సాయం లేకుండా ఎక్కాను.

నా ఒక్కడి అనుభవం చూసి ప్రభుత్వం పథకం పెట్టదని తెలుసు. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, నయం చేసే ఉద్దేశంతో చికిత్స నడుస్తున్నప్పుడే నడక లాంటి వ్యాయామం, కండరాలకు బలమిచ్చే వ్యాయామం రెండూ చేయించమని. నీరసం తగ్గుతుంది, పనులు చేసుకునే ఓపిక నిలుస్తుంది. 2025లో ఛాలెంజ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు కూడా వచ్చాయి. కెనడా, ఆస్ట్రేలియా వాళ్లు ముఖ్యంగా నడిపారు. 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులు. అది కీమో అయిపోయినవాళ్ల మీద చేసింది, కీమోలో ఉన్నవాళ్ల మీద కాదు, ఆ తేడా దాచను. మూడేళ్లు వ్యాయామం చేయించిన జట్టులో ఐదేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు నూటికి 80 మంది, రెండో జట్టులో 74. ఎనిమిదేళ్లకి బతికున్నవాళ్లు మొదటి జట్టులో నూటికి 90, రెండో జట్టులో 83. కీళ్ల నొప్పులు, కండరాల నొప్పులు మాత్రం వ్యాయామం చేసినవాళ్లకే ఎక్కువ వచ్చాయి.

మంత్రిగారూ, ఆ రెండో జట్టుని గాలికొదిలెయ్యలేదు. వ్యాయామం మంచిది, తిండి ఇలా తినండి అని వాళ్లకి పుస్తకాలిచ్చారు. మొదటి జట్టుకి వాటితో పాటు ఒక మనిషినిచ్చారు. పిలిచి, చేయించి, మానేస్తే ఎందుకు మానేశావని అడిగే మనిషి. తేడా అక్కడొచ్చింది. కాగితాన్ని జనం ఏం చేస్తారో 31 ఏళ్లు కాగితాలు పంచినవాడిగా నాకు తెలుసు. కాబట్టి దయచేసి దీనికి పోస్టర్ వెయ్యకండి.

మన రాష్ట్రంలో జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా కీమో ఇచ్చే ఏర్పాటు ఉంది. కేంద్రం 2025-26 బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామంది. కొత్త గదులు, కొత్త మంచాలు వస్తాయి. ఆ లెక్కలోనే ఒక ఫిజియోథెరపిస్ట్‌ని కలపండి. కొత్త భవనం, మెషిన్లు ఏవీ అక్కర్లేదు. కీమో ఇచ్చే రోజున వార్డులో రెండు గంటలు ఉండాలి. ఆ రోజు రక్తపరీక్ష రిపోర్టు చూసి, ఎవరు ఎంత కదలాలో మందుచీటీ మీదే రాయాలి. వారానికొకసారి ఫోన్ చెయ్యాలి. వరండాలో ఇరవై అడుగులు ఖాళీ ఉంటే చాలు, మిగతాది ఇంటి దగ్గర జరుగుతుంది.

ఆ మనిషికి భాష రావాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. వందేళ్లు దాటింది. ఇప్పటికీ కొండ మీది సవర ఆడమనిషికి ఒడియాలో రాసిన చీటీ చేతిలో పెట్టి పంపేస్తున్నాం. ఆమెకి వాకింగ్ చెయ్యమంటే నవ్వుతుంది, రోజూ కొండెక్కి దిగేదే కదా. ఆమెకి చెప్పాల్సినవి వేరే. పేగు ఆపరేషన్ తర్వాత మలం కోసం పొట్ట మీద బ్యాగు ఉన్నప్పుడు కట్టెల మోపు ఎత్తితే హెర్నియా రావచ్చని చెప్పాలి. కీమో వల్ల పాదాలు మొద్దుబారితే రాయి గుచ్చుకున్నా తెలియదు కాబట్టి చెప్పులు వేసుకోమనాలి. బరంపురం లాంటి పట్నంలో తయారైన సలహా ఆమెకి అలాగే అప్పజెబితే కుదరదు.

ముందు గజపతి, రాయగడ జిల్లాల్లో ఏడాది పెట్టి చూడండి. కీమో మధ్యలో మానేసినవాళ్లు తగ్గారా, రోగులు వాళ్లంతట వాళ్లు లేచి తిరుగుతున్నారా, లెక్క తీయించండి. పని చెయ్యకపోతే తీసెయ్యండి.

ఒడియా ప్రతిని భువనేశ్వర్‌లో మీ కార్యాలయానికి పంపాను. రిజిస్టర్డ్ పోస్టులో వేద్దామనుకున్నాను గానీ 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు కదా. స్పీడ్ పోస్టులోనే వేశాను, పోస్టాఫీసుకి నడిచే వెళ్లాను. రసీదు నా దగ్గరుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా