మైకోనోస్ ‘వీఐపీ బీచ్ క్లబ్ డే’: 1,049 యూరోలు వాపసు కోరుతూ ఫిర్యాదు

హైదరాబాద్

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మీ గ్రీస్ ప్యాకేజీలో మైకోనోస్ ద్వీపంలోని బీచ్ క్లబ్ రోజు. లేని ఎంట్రీ రుసుము, మారిన తీరం, ఇవ్వని మొదటి వరుస, రసీదు లేకుండా తీసుకున్న నగదు.

అయ్యా,

గత జులైలో మీ సంస్థ ద్వారా ఏథెన్స్, మైకోనోస్, శాంటోరిని వెళ్లొచ్చిన ఆరుగురి తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాం. విమానాలు, హోటళ్లు, ఫెర్రీల విషయంలో మాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా ఒక్క రోజు దగ్గరే. దాని గురించి ఈమెయిల్ పెడితే మీ కస్టమర్ కేర్ వారు ‘వాతావరణం, క్లబ్బుల ధరలు మా చేతిలో ఉండవు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. గాలి మీ చేతిలో లేదన్నది నిజమే. కానీ ఆ గాలి ఏ నెలలో ఎటునుంచి వీస్తుందో, ఏ వరుస సన్‌బెడ్‌కి (ఇసుక మీద పడుకునే కుర్చీకి) ఎంత ధరో, అక్కడ ఏది అసలు బిల్లో ఏది ఉత్త చీటీయో తెలిసి ఉండటమే మీ వృత్తి. మీకు డబ్బు కట్టింది కూడా అందుకే.

ఆ రోజు కోసం మీ ఇన్వాయిస్‌లో తలకి 240 యూరోలు వేశారు. ఎంట్రీకి 40, నీటికి దగ్గరగా ఉండే మొదటి వరుస సన్‌బెడ్‌కి 100, లంచ్ వోచర్‌కి 100. ఆరుగురికి కలిపి 1,440 యూరోలు బయల్దేరక ముందే కట్టేశాం. స్థలం దక్షిణ తీరంలోని ప్లాటిస్ యాలోస్ అని వోచర్‌లో అచ్చు వేసి ఉంది.

ముందుగా ఆ ఎంట్రీ సంగతి. గ్రీస్‌లో సముద్రతీరం ప్రజలది. క్లబ్బులకు ప్రభుత్వం ఇచ్చేది ఇసుకలో కొంత భాగాన్ని వాడుకునే అనుమతి మాత్రమే, తీరానికి గేటు పెట్టి టికెట్టు కొట్టే హక్కు కాదు. 2023 వేసవిలో పారోస్ ద్వీపవాసులు తువ్వాళ్లు పట్టుకుని రోడ్డెక్కి, ఇసుకంతా సన్‌బెడ్లతో నింపేస్తే మేం ఎక్కడ కూర్చోవాలని నిలదీశారు. ఆ గొడవ మిగతా ద్వీపాలకూ పాకింది. మరుసటి ఏడాది వచ్చిన 5092/2024 చట్టం ప్రకారం ప్రతి తీరంలో కనీసం సగం ఇసుక ఖాళీగా వదలాలి. నీటి అంచు నుంచి 4 మీటర్ల లోపల సన్‌బెడ్ గానీ గొడుగు గానీ వేయకూడదు. ఉల్లంఘన కనిపిస్తే జనమే ఫిర్యాదు చేయడానికి ‘మైకోస్ట్’ అనే యాప్ కూడా ఉంది. రాత్రి డీజే కార్యక్రమాలకు కొన్ని క్లబ్బులు టికెట్టు పెడతాయి, అది వేరే సంగతి. పగటిపూట ఇసుక మీద అడుగు పెట్టడానికి తలకి 40 యూరోలు అన్న లెక్క మాకు మైకోనోస్‌లో ఎక్కడా కనిపించలేదు, మీ ఇన్వాయిస్‌లో తప్ప. ఎంట్రీ పేరిట ఆరుగురి దగ్గర తీసుకున్న ఆ 240 యూరోలు ఏ క్లబ్బుకు కట్టారో రసీదు చూపించమని రెండుసార్లు అడిగినా ఉలుకూ పలుకూ లేదు.

మీ బ్రోషర్‌లో ఆ రోజు పక్కన వేసిన ఫొటో కూడా ఒకసారి చూసుకోండి. సన్‌బెడ్ కాళ్లు నీళ్లలో మునిగి ఉంటాయి. పైన చెప్పిన 4 మీటర్ల నియమం ఉన్న దేశంలో అలా వేయడమే చట్టవిరుద్ధం. అది గ్రీస్ ఫొటో అయినా కాకపోయినా, గ్రీస్ ప్యాకేజీకి పెట్టదగ్గది మాత్రం కాదు.

ఇక తీరం మార్చిన వ్యవహారం. ఆ ఉదయం మీ స్థానిక ఏజెంట్ వాట్సాప్‌లో ‘ప్లాటిస్ యాలోస్ ఫుల్, ఉత్తర తీరంలో అంతే స్థాయి క్లబ్ ఇస్తున్నాం’ అని పెట్టారు. ‘అంతే స్థాయి’ అన్న ఆ మాట దగ్గరే మా అభ్యంతరం. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. బాల్కన్ల వైపు అధిక పీడనం, టర్కీ మీద అల్ప పీడనం ఏర్పడి, ఆ రెంటి నడుమ నుంచి గాలి దక్షిణానికి తోసుకొస్తుంది. మబ్బు తునక ఉండదు కాబట్టి ఫోన్‌లో వాతావరణం చూస్తే సూర్యుడి బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. చూడాల్సింది గాలి దిశ, వేగం. మధ్యాహ్నానికి అది బలం పుంజుకుంటుంది, సరిగ్గా జనం లంచ్‌కి కూర్చునే వేళకి. పనోర్మోస్, ఫ్టెలియా వంటి ఉత్తరపు తీరాలు ఆ గాలికి నేరుగా ఎదురు నిలుస్తాయి. ఫ్టెలియాకి విండ్‌సర్ఫింగ్ వాళ్లు వెళ్లేదే అందుకు. ఓర్నోస్, ప్సారూ, ప్లాటిస్ యాలోస్, పరాగా, ఎలియా దక్షిణాన కొండల చాటున ఉంటాయి. అక్కడా గాలి విసురు తగులుతుంది గానీ నీళ్లు శాంతంగా ఉంటాయి, గొడుగులు నిలబడతాయి. దక్షిణపు గాలి తిరిగిన రోజున లెక్క తారుమారై ఉత్తరమే మేలవుతుంది. అందుకే తెలిసిన ఏజెంట్లు ముందు రోజు సాయంత్రమే గాలి చూసుకుని అతిథులను ఎటు పంపాలో తేల్చుకుంటారు.

ఆ రోజు ముందస్తు అంచనా ఉత్తరపు గాలి, గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలులో 6, అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్లు. ఆ స్కేలులో 6కి చెప్పే గుర్తుల్లో ఒకటి, గొడుగు పట్టుకోవడం కష్టమవుతుందని. అలాంటి రోజున దక్షిణం నుంచి ఉత్తరానికి మార్చారు. క్లబ్ సిబ్బంది తమ పద్ధతి ప్రకారం గొడుగులన్నీ మూసి తాళ్లతో కట్టేశారు. మూయకపోతే ఊడిపోయి ఎవరి మీదనో పడతాయి, వారిని తప్పు పట్టడానికి లేదు. ఫలితంగా మధ్యాహ్నమంతా నీడ లేదు. పళ్లేల్లోకి ఇసుక వచ్చి పడుతుంటే తిండి లోపలి హాల్లోకి మార్చాల్సి వచ్చింది.

ఇచ్చింది కూడా మొదటి వరుస కాదు, నాలుగోది. వ్యాన్ ఆలస్యమైందని మీ ఏజెంట్ చెప్పారు. వ్యాన్ ఆలస్యం వల్ల పోయే వరుస ఉండాలంటే ముందు ఆ వరుస బుక్ అయి ఉండాలి కదా. ఆ కాలంలో మొదటి వరుస దొరకాలంటే వారాల ముందే అడ్వాన్సు కట్టి పెట్టుకోవాలి. క్లబ్ ఇచ్చే ధ్రువీకరణలో తేదీ, వరుస, సెట్ల సంఖ్య, కట్టిన అడ్వాన్సు, ఎన్ని గంటల దాకా ఉంచుతారు అన్నవి ఉంటాయి. చెప్పిన గంట దాటితే ఆ సెట్టు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ప్లాటిస్ యాలోస్‌దో, ఉత్తర తీరానిదో, ఏదో ఒక ధ్రువీకరణ చూపించమని అడిగాం. ఇంతవరకు ఒక్కటీ రాలేదు. బుకింగే చేయలేదని అనుకోవడం తప్ప మాకు మరో దారి మీరు మిగల్చలేదు.

రెండు సన్‌బెడ్లు, ఒక గొడుగు కలిస్తే ఒక సెట్టు. క్లబ్ ధరల బోర్డులో మొదటి వరుస సెట్టు 200 యూరోలు, నాలుగో వరుస సెట్టు 100. మీరు మా దగ్గర మనిషికి వంద చొప్పున, అంటే సెట్టుకి 200 తీసుకుని నాలుగో వరుస అంటగట్టారు. మూడు సెట్లకి తేడా 300 యూరోలు.

అసలు తలనొప్పి బిల్లు దగ్గర మొదలైంది. తలకి 150 యూరోల మినిమం స్పెండ్ (తిండికీ తాగుడుకీ కనీసం పెట్టాల్సిన ఖర్చు) ఉంటుందని, అది ఆరుగురికి 900 అవుతుందని మీ ఏజెంట్ అప్పుడు చెప్పారు. మీ పత్రాల్లో ఈ మాట ఎక్కడా లేదు. పైగా క్లబ్ బోర్డు ప్రకారం మినిమం స్పెండ్ ముందు రెండు వరుసలకే, మూడో వరుస నుంచి లేనే లేదు. మేం తిన్నది, తాగింది కలిపి క్లబ్ రసీదు 724 యూరోలు. మీ లంచ్ వోచర్లు 600 తీసేస్తే మేం కట్టాల్సింది 124. మీ ఏజెంట్ వసూలు చేసింది 606. ఆయన చేత్తో రాసిచ్చిన చీటీ ప్రతిని జత చేస్తున్నాం. అందులోని కాకి లెక్క ఇదీ: మినిమం 900లో వోచర్లు పోను 300, ఆ 900 మీద వ్యాట్ 24 శాతం అంటూ 216, సర్వీసు 10 శాతం అంటూ 90.

వ్యాట్ మాట ఒక్కటి చాలు ఆ చీటీ విలువ తెలియడానికి. గ్రీస్‌లో మెనూలో అచ్చయిన ధరలోనే పన్ను కలిసి ఉంటుంది, బిల్లు మీద మళ్లీ వేయరు. తిండి మీద అది 13 శాతం, మద్యం మీద 24. క్లబ్ రసీదు అడుగున ఆ విభజన ఉంది కూడా: తిండి 410 యూరోలు, మద్యం 314. ఆ రెంటిలో కలిపి సుమారు 108 యూరోల పన్ను అప్పటికే ఉంది. తిండిని మద్యం కింద జమకట్టి, పన్ను కట్టిన దాని మీద మళ్లీ పన్ను వేసి, ఖర్చే పెట్టని 176 యూరోలకి కూడా పన్ను లాగడం ఏ దేశపు లెక్కో మాకు అంతుపట్టలేదు. సర్వీసు కూడా మెనూ ధరలో కలిసిందే. ఆ పైన టిప్పు ఇవ్వడం, మానడం తిన్నవాళ్ల ఇష్టం.

కార్డు ఇస్తే మిషన్ పని చెయ్యట్లేదని మీ ఏజెంట్ నగదే అడిగారు. గ్రీస్‌లో వ్యాపారి, వినియోగదారుడి నడుమ 500 యూరోలు దాటిన చెల్లింపు నగదులో తీసుకోకూడదు. చట్టబద్ధమైన రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టాల్సిన బాధ్యతే వినియోగదారుడికి లేదని అక్కడి ప్రతి మెనూలోనూ రాసి ఉంటుంది. అసలు రసీదు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, అక్కడి పన్నుల శాఖ యాప్‌తో స్కాన్ చేస్తే నిజమైనదో కాదో తెలిసిపోతుంది. క్లబ్ ఇచ్చిన 724 యూరోల రసీదు మీద ఆ కోడ్ ఉంది. మీ ఏజెంట్ చీటీ మీద సంతకం కూడా లేదు. క్లబ్ మీద మాకు ఫిర్యాదు లేదని ఇక్కడే స్పష్టం చేస్తున్నాం. వాళ్ల బోర్డు, రసీదు రెండూ సరిగ్గానే ఉన్నాయి. కాబట్టి ‘థర్డ్ పార్టీ’ అన్న మడత పేచీ ఇక్కడ చెల్లదు. డబ్బు తీసుకున్నది మీ మనిషి, మీ వోచర్ చేతిలో పట్టుకుని.

హోటల్లో గదికి రాత్రికి 15 యూరోల ప్రభుత్వ వాతావరణ రుసుము విడిగా కట్టాలని మీ పత్రంలో ముందే రాశారు. ఐదు నక్షత్రాల హోటళ్లకి ఆ సీజన్‌లో ఉన్న రేటు అదే, చెప్పినట్టే కట్టాం, ఎవరూ నోరెత్తలేదు. అది రాయడం తెలిసినవారికి మినిమం స్పెండ్ గురించి ఒక వాక్యం రాయడం తెలియదంటే నమ్మేదెలా? ధర కొంత ముందు చెప్పి, మిగతాది చివర్లో నెత్తిన వేసే పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మార్గదర్శకాల్లో ‘డ్రిప్ ప్రైసింగ్’ పేరిట డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవారిని మభ్యపెట్టే పద్ధతుల) జాబితాలో చేర్చింది.

మాకు రావాల్సింది ఇలా తేలింది. ఎంట్రీ పేరిట 240, వరుస తేడా 300, చీటీ మీద అదనంగా గుంజిన 482 (తిననిదానికి 176, వ్యాట్ పేరిట 216, సర్వీసు 90). మొత్తం 1,022 యూరోలు. మొదటి రెండు మొత్తాల మీద మీరు ఇన్వాయిస్‌లో వేసిన 5 శాతం జీఎస్టీ మరో 27. కలిపి 1,049 యూరోలు, మీ ఇన్వాయిస్ తేదీ నాటి మారకపు రేటుకే. జీఎస్టీ భాగానికి క్రెడిట్ నోట్ ఇవ్వండి. ప్యాకేజీ అమ్మేటప్పుడు మీరు వసూలు చేసిన టీసీఎస్ పన్నుని మా ఆదాయపు పన్ను రిటర్నుల్లో సర్దుకుంటాం కాబట్టి అది ఇందులో కలపలేదు. ఎండలో పోయిన మధ్యాహ్నానికి వెల కట్టలేదు, అడగడం లేదు. వచ్చే ప్యాకేజీలో డిస్కౌంట్ కూపన్ ఇస్తామంటే మాత్రం అక్కర్లేదు.

డబ్బుతో పాటు మరొకటి కూడా అడుగుతున్నాం. వచ్చే సీజన్‌కి మీరు మళ్లీ ఇదే రోజును అమ్మబోతున్నారని మీ వెబ్‌సైట్ చూస్తే తెలుస్తోంది. ఎంట్రీ అన్న పద్దును, నీళ్లలో సన్‌బెడ్ ఫొటోను తీసేయండి. తీరం పేరు, వరుస, సెట్టు ధర, ఆ వరుసకి మినిమం స్పెండ్ ఉందా, ఉంటే వోచర్ అందులో జమ అవుతుందా, సన్‌బెడ్ ఎన్ని గంటల దాకా ఉంచుతారు, ఉత్తరపు గాలి 6కి చేరితే ఎటు మారుస్తారు అన్నవి వోచర్ మీదే అచ్చు వేయండి. క్లబ్ ధ్రువీకరణ ప్రతిని బయల్దేరే ముందే ప్రయాణికుల చేతికివ్వండి. అక్కడి చెల్లింపులు కార్డు మీదే, క్లబ్ రసీదు మీదే జరగాలని మీ ఏజెంటుకి రాతపూర్వకంగా చెప్పండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో డబ్బు మా ఖాతాకి చేరకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాం. ఆ చట్టం ప్రకారం మేం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, రెండేళ్ల గడువుంది, కట్టిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు కూడా ఉండదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఎక్కించడానికి మీ ఇన్వాయిస్, వోచర్, ఏజెంట్ వాట్సాప్ సందేశం, క్లబ్ ధరల బోర్డు ఫొటో, 724 యూరోల రసీదు, ఆ చేతిరాత చీటీ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. వాటి ప్రతులు ఈ ఉత్తరంతో జత చేశాం, అసలువి మా దగ్గరే ఉంటాయి.

జవాబు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా ఇవ్వగలరు.

ఇట్లు,
ఆరుగురు ప్రయాణికుల తరఫున