డెలిగేట్లు ఎలా వస్తారంటే

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. అమెరికాలో జనమే ప్రైమరీల్లో, అంటే పార్టీ లోపలి ఎన్నికల్లో, ఓట్లు వేసి అధ్యక్ష అభ్యర్థిని తేల్చేస్తున్నప్పుడు, కన్వెన్షన్ అనే పార్టీ జాతీయ మహాసభ హాల్లో రంగురంగుల టోపీలు పెట్టుకుని కేకలు వేసే ఆ వేలమంది ఎవరని అడిగావు. వాళ్లే డెలిగేట్లు, అభ్యర్థిని లాంఛనంగా ఎన్నుకునే పార్టీ ప్రతినిధులు. డాలస్‌లో ఏళ్లతరబడి ఉంటున్న మనవాళ్లలోనూ దీనికి సూటిగా జవాబు చెప్పగలిగేవారు తక్కువే, ఎందుకంటే ఇందులో రెండు వేర్వేరు ఎంపికలున్నాయి: ఏ అభ్యర్థికి ఎంతమంది డెలిగేట్లు దక్కాలన్నది ఒకటి, ఆ డెలిగేట్లుగా వెళ్లే మనుషులెవరన్నది మరొకటి.

మొదటిది ప్రైమరీలో తేలుతుంది. డెమొక్రాట్లు ఎక్కడైనా ఓట్ల నిష్పత్తి ప్రకారమే పంచుతారు, కాని 15 శాతం దాటనివారికి ఏమీ దక్కదు. రిపబ్లికన్లు రాష్ట్రాలకు కొంత స్వేచ్ఛనిస్తారు కనుక, మార్చి మధ్య నుంచి జరిగే పోటీల్లో గెలిచినవారికే మొత్తం కట్టబెట్టే రాష్ట్రాలూ ఉన్నాయి. 2024లో వాళ్ల డెలిగేట్లు 2,429 మంది, గెలుపుకు కావలసింది 1,215.

రెండోదే అసలు సరదా. మా టెక్సస్ డెమొక్రాట్లలో ఇది పేటల స్థాయి నుంచి మొదలై, జిల్లా సమావేశాల మీదుగా రాష్ట్ర మహాసభకు చేరుతుంది, అక్కడ ఒక్కో ప్రాంతంవాళ్లు విడివిడిగా కూర్చుని తమలో ఎవరు వెళ్లాలో ఓటు వేసుకుంటారు. స్త్రీలూ పురుషులూ సమానంగా ఉండాలన్నది నియమం. పోటీకి దిగినవారి జాబితాను ముందుగా అభ్యర్థి మనుషులు వడపోసి, నమ్మకం లేని పేర్లు కొట్టేయవచ్చు. మన దగ్గర బి-ఫారం ఎవరి చేతికొస్తుందో అధిష్ఠానానికి తప్ప తెలియదు కదా, ఇక్కడ నియమావళి అచ్చు వేసి అందరికీ పంచుతారు, కాకపోతే దాన్ని ఓపికగా చదివేది పార్టీలో తలపండినవాళ్లే.

ఈ రెండు లెక్కలూ ఎంత వింతగా ఢీకొంటాయో చెప్పడానికి 2008 నాటి టెక్సస్ డెమొక్రాట్ల పోటీ చాలు. అప్పట్లో పగలు ప్రైమరీలో ఓటు వేసినవాళ్లు, పోలింగ్ ముగిశాక మళ్లీ వచ్చి కాకస్ అనే స్థానిక పార్టీ సమావేశంలోనూ పాల్గొనవచ్చు. ప్రైమరీలో హిల్లరీ క్లింటన్ 51-47 శాతాల తేడాతో గెలిచింది, ప్రైమరీ వాటా కింద దక్కే డెలిగేట్లలో 65-61తో ఆధిక్యం సంపాదించింది. రాత్రి కాకస్‌లకు ఒబామా మనుషులు ఓపికగా నిలబడటంతో అక్కడ లెక్క ఆయనవైపు 38-29 అయింది, మొత్తం కూడితే 99-94తో ప్రైమరీలో ఓడినాయనకే ఎక్కువ దక్కాయి! 2015లో ఈ జోడు పద్ధతిని మాన్పించారు, నా మట్టుకు అది మంచి పనే, రాత్రి షిఫ్టు ఉన్నవాడి ఓటు సగమే చెల్లడం న్యాయం కాదు.

ఈ నియమాలన్నిటికీ మూలం 1968 షికాగో. ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని హ్యూబర్ట్ హంఫ్రీని అక్కడి మహాసభలో డెమొక్రాటిక్ పార్టీ పెద్దలు అభ్యర్థిగా నిలబెట్టారు, బయట వీధుల్లో పోలీసులు నిరసనకారులను చితకబాదారు. ఆ గొడవ తర్వాత డెలిగేట్ల ఎంపికను సంస్కరించడానికి వేసిన సంఘానికి మొదట జార్జ్ మెక్‌గవర్న్ అధ్యక్షుడు, అది రాసిన కొత్త నిబంధనల కింద 1972లో అభ్యర్థి అయిందీ ఆయనే. ఆనక పెద్దలు మళ్లీ తమ చోటు కావాలన్నారు కాబట్టి 1984 నుంచి సూపర్ డెలిగేట్లు, అంటే ప్రైమరీ ఫలితానికి కట్టుబడనక్కర్లేని పార్టీ నాయకులు, వచ్చారు, 2018లో సవరించిన నియమం ప్రకారం, ఫలితం ముందే ఖాయమైతే తప్ప వాళ్లకు తొలి విడతలో ఓటు లేదు.

మామూలుగా డెలిగేట్ పని పేరు పిలిస్తే చెయ్యెత్తడమే, 1952 తర్వాత అధ్యక్ష అభ్యర్థిని తేల్చడానికి రెండు ప్రధాన పార్టీల్లో దేనికీ రెండో విడత ఓటింగ్ అవసరం పడలేదు. అయితే 2024 జులై 21న బైడెన్ అధ్యక్ష పోటీ నుంచి తప్పుకోగానే, ఆయన పేరిట ఎన్నికైన వేలమంది ఒక్కసారిగా ఎవరికీ కట్టుబడనివాళ్లయ్యారు. మర్నాటి రాత్రికే ఎక్కువమంది కమలా హారిస్ వైపు మొగ్గారు, ఆగస్టు తొలినాళ్లలో ఆన్‌లైన్ ఓటింగ్‌తోనే అది ఖాయమైంది. ఆ వారం మాత్రం, వెళ్తున్నది ఎవరన్న ప్రశ్నకు నిజంగా విలువ వచ్చింది.

ఉషా చిలుకూరి ప్రసంగించిన 2024 రిపబ్లికన్ల మిల్వాకీ మహాసభ సంగతీ అడిగావు. ఉపాధ్యక్ష పదవికి ప్రైమరీ అంటూ ఉండదు, అధ్యక్ష అభ్యర్థి ఒక పేరు చెబుతాడు, డెలిగేట్లు ఒప్పుకుంటారు, అక్కడ ఆమె భర్త జె.డి. వాన్స్‌ను మూజువాణి ఓటుతో ఆమోదించారు. ఇక ఖర్చు మాటకొస్తే, విమానం టికెట్టూ హోటల్ అద్దే చాలావరకు ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి, కొందరు ఇందుకోసం ఊళ్లో చందాలు పోగుచేస్తారు.

ఇట్లు,
నీ శ్రీనివాస్