వార్షిక నివేదిక 2025–26: ఏజెన్సీలతో మన సభ్యుల తిప్పలు, సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘంలో ఎక్కువమంది నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వెళ్లి హైదరాబాద్‌లో కన్సల్టెన్సీల (ఏజెన్సీల) ద్వారా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ వాళ్లే. జడ్చర్ల, చౌటుప్పల్ వైపు ఫార్మా ప్లాంట్లలో పనిచేసేవాళ్లు ఈ ఏడాది కొత్తగా చేరారు. అందరిదీ ఒకటే కథ. పనిచేసే చోటు (క్లయింట్ కంపెనీ) ఒకటి, జీతమిచ్చే చోటు (ఏజెన్సీ) ఇంకొకటి. జీతం రాలేదని ఏజెన్సీని అడిగితే "క్లయింట్ ఇంకా పేమెంట్ చెయ్యలేదు" అంటారు. క్లయింట్‌ని అడిగితే "మీరు మా ఎంప్లాయీ కాదు కదా" అంటారు. మన దగ్గరకు వచ్చిన గొడవల్లో చాలావరకు ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్నవే.

ఒత్తిడి ఉద్యోగంలో చేరకముందే మొదలవుతోంది. ఏజెన్సీ రిక్రూటర్లు రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసి, తెల్లారేలోపు ఓకే చెప్పకపోతే బ్లాక్‌లిస్ట్‌లో పెడతామంటారు. ఈ మాటకే పిల్లలు టెన్షన్ పడి చేతిలో ఉన్న మంచి ఆఫర్ వదులుకుంటున్నారు. ఒక రిక్రూటర్ అన్నంత మాత్రాన ఊళ్లో కంపెనీలన్నీ తలుపులు మూసుకోవు. అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. ఒకే రెజ్యూమె రెండు ఏజెన్సీల నుంచి ఒకే క్లయింట్‌కి వెళ్తే రెండూ పక్కన పడేసే ప్రమాదం ఉంది. అందుకే "మా తరఫున రెజ్యూమె పంపండి" అని మెయిల్ ఇచ్చే ముందు క్లయింట్ పేరు రాతలో అడగండి. పేరు చెప్పని ఏజెన్సీకి ఆ మెయిల్ ఇవ్వొద్దు.

దొంగ ఎక్స్‌పీరియన్స్ సంగతి మీద కమిటీలో గట్టి చర్చే జరిగింది. "రెండేళ్లు కలుపుదాం, వెరిఫికేషన్ మేం చూసుకుంటాం" అని ఏజెన్సీలే ఒత్తిడి చేస్తున్నాయన్నది నిజం. కానీ పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తెరిస్తే ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశామో అందులో కనబడుతుంది. దొరికిన రోజు ఉద్యోగం పోయేది మనవాడిది, ఏజెన్సీది కాదు. తెలిసి అలా చేరినవాళ్ల తరఫున సంఘం మాట్లాడదని తీర్మానం చేశాం. ఇది కటువుగా ఉందన్నవాళ్లు ఉన్నారు. ఉండనీయండి.

ఈ ఏడాది ఎక్కువ సమయం తీసుకున్నది సర్టిఫికెట్ల వ్యవహారం. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక సభ్యురాలి ఒరిజినల్ మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేరిన రోజే ఏజెన్సీ వాళ్లు "వెరిఫికేషన్ కోసం" తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. ప్రాజెక్టు అయిపోయాక ఆఖరి నెల జీతం ఆపారు, సర్టిఫికెట్లు అడిగితే బాండ్ (గడువులోపు మానేస్తే ఇంత కట్టాలని రాయించుకునే ఒప్పందం) డబ్బు కట్టమన్నారు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఆఫీసుకెళ్తే మేడమ్ మీటింగ్‌లో ఉన్నారంటారు. ఆమెతో కూర్చుని ఒక చిన్న మెయిల్ రాయించాం: ఏ తేదీన ఏయే కాగితాలు ఇచ్చింది, ఎన్ని రోజుల జీతం రావాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి. అంతే, ఒక్క తిట్టు లేదు. దాని కాపీ క్లయింట్ హెచ్‌ఆర్‌కు పెట్టాం. అన్నాళ్లూ దొరకని మేడమే తిరిగి ఫోన్ చేశారు. కవర్ చేతికొచ్చాక చూస్తే, ఫైలుకు గుచ్చడం కోసం మార్కుల మెమోకు అంచున రెండు రంధ్రాలు కొట్టి ఉన్నాయి. ఒకటి హాల్ టికెట్ నంబర్ మీదే పడింది. జీతం తర్వాత వచ్చింది, ఆ మెమోకు మాత్రం డూప్లికేట్ తీసుకోవాల్సి వచ్చింది.

బాండ్ల గురించి ఒక మాట. "బాండ్ అసలు చెల్లదు" అని వాట్సాప్‌లో తిరుగుతున్నది నమ్మకండి. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని రాసినంతా కట్టాల్సిందే అనీ కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న మొత్తానికి మించకుండా, న్యాయమైన పరిహారం మాత్రమే ఇప్పిస్తారు. ఆ బ్యాంకు పోటీ పరీక్ష పెట్టి, ఖర్చు పెట్టి మనుషులను తీసుకున్నది. ఒక్క రోజు ట్రైనింగ్ కూడా ఇవ్వని ఏజెన్సీ లక్షలు అడిగితే ఏం నష్టపోయారో చూపించమనండి. పాలమూరు పెద్దలకు ఇది కొత్తగా అనిపించదు. అడ్వాన్సు ఇచ్చి కూలీలను డ్యాముల పనులకు తోలుకపోయిన గుంపు మేస్త్రీ లెక్క కూడా ఇలాగే ఎప్పటికీ తీరేది కాదు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. మనకు పనికొచ్చేవి రెండు. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. అయినా ఏజెన్సీలు "ఫుల్ అండ్ ఫైనల్‌కు (మానేశాక తేల్చే ఆఖరి లెక్కకు) 45 రోజులు" అనే పాత పాటే పాడుతున్నాయి. ప్లాంట్లలో కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని (ప్లాంటు కంపెనీ) ఇవ్వాలన్న నియమం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది.

పీఎఫ్ విషయంలో జడ్చర్ల సభ్యుల పేస్లిప్‌లు చూశాం. కొన్నింటిలో ఉద్యోగి వాటా 12 శాతంతో పాటు యజమాని వాటా కూడా చేతికొచ్చే జీతంలోంచే కోశారు. అలా కోయడానికి వీల్లేదు. పీఎఫ్ గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదులు పెట్టించాం. కొన్ని తేలాయి, కొన్ని నడుస్తున్నాయి. ఈఎస్‌ఐ వాటా 0.75 శాతం కోస్తున్నా కార్డు చేతికివ్వనివాళ్లు ఉన్నారు, ఆ పేర్లు కమిటీకి పంపండి. సాఫ్ట్‌వేర్ వాళ్లలో కొందరిని "కన్సల్టెంట్" అని రాసి పీఎఫ్ లేకుండా 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మాత్రం కోస్తున్నారు. ఆ డబ్బు ప్రభుత్వానికి కట్టారో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీరే చూసుకోవచ్చు.

లాయరు ఫీజుకు భయపడి వెనక్కి తగ్గినవాళ్లకు: నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. ఫోన్ నంబర్ 15100.

మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో, నల్లగొండలో 2023లో ఐటీ టవర్లు తెరిచారు కాబట్టి కాంట్రాక్టు ఉద్యోగాలు సొంత జిల్లాల్లోనూ పెరగొచ్చు. అక్కడ చేరేవాళ్ల ఆఫర్ లెటర్లు సంతకానికి ముందే చదివిపెట్టడానికి ఇద్దరు సభ్యులు ముందుకొచ్చారు. వాళ్ల నంబర్లు గ్రూపులో ఉన్నాయి.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. చందా బాకీ ఉన్నవాళ్లు సమావేశానికి ముందే కట్టండి. వచ్చేటప్పుడు పీఎఫ్ పాస్‌బుక్, గత మూడు నెలల పేస్లిప్‌లు ప్రింట్ తీసి తెచ్చుకోండి. భోజనాల తర్వాత ఒక్కొక్కరివి కూర్చుని చూస్తాం.

కార్యదర్శి